మల్లె నీడలో పడింది, కాగితం పూల తీగ నీళ్లలో పడింది

నరసరావుపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇదీ.

కింది వాటాలో బావగారు, తోడికోడలు. పై వాటాలో వీళ్లు. ఇల్లు తూర్పు ముఖం. వీధి గేటు పక్కన ప్రహరీ గోడ వెంబడి 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మట్టి జాగా వదిలారు, మిగతాదంతా సిమెంటు. అందులో ఏడేళ్ల కిందట తోడికోడలు బొడ్డుమల్లె అంటు నాటారు. చైత్ర వైశాఖాల్లో రోజూ సోలెడు మొగ్గలు దిగేవట, ఇంటికి వచ్చిన ఆడవాళ్లెవరూ పూలు లేకుండా వెళ్లేవాళ్లు కాదట. నాలుగేళ్ల కిందట కడియం నుంచి మొక్కల వ్యాను వీధిలోకి వచ్చినప్పుడు, కుండీ నిండా రాణీ రంగు పూలతో ఉన్న కాగితం పూల మొక్కను ఈమె కొన్నారు. పై వాటా బాల్కనీ దాకా పాకాలని దాన్ని మల్లెకి 3 అడుగుల దూరంలో పాతారు.

పాకింది. ఇప్పుడు 15 అడుగులు ఉంటుంది. కానీ నేలలో పెట్టిన దగ్గర్నుంచీ సరిగ్గా పూసింది లేదు, ఆకే ఆకు. మల్లె పరిస్థితి ఇంకా ఘోరం. ఈ వేసవిలో గుప్పెడు పూలు కూడా రాలేదు. లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. వచ్చిన నాలుగు మొగ్గలూ వంగపండు రంగు తిరిగి రాలిపోయాయి. తోడికోడలు పొద్దునా సాయంత్రం పైపు పెట్టి నీళ్లు పడుతున్నారు. నెలనెలా పశువుల ఎరువు వేస్తున్నారు, రెండుసార్లు గుప్పెడు యూరియా కూడా వేశారు.

రెండు నెలల కిందట రాత్రిపూట గేటు తీస్తుంటే బావగారి కంటి పక్కన ముల్లు గీరింది. ఆ రోజు తోడికోడలు "నీ ముళ్లచెట్టు నా మల్లెని తినేసింది, ఇప్పుడు మనుషుల మీద పడింది. గుమ్మంలో ముళ్ల చెట్టు అరిష్టం, కొట్టించెయ్" అన్నారు. ఈమె కూడా ఒక మాట అన్నారు. అప్పటి నుంచి మెట్ల మీద ఎదురైనా పలకరింపుల్లేవు. భర్తని అడిగితే "చెట్ల గొడవలోకి నన్ను లాగకండి, అయినా మల్లె పొద ఉంటే పాములొస్తాయి, రెండూ కొట్టేయండి" అంటున్నారు.

ఈమె అడుగుతున్నది: "నా చెట్టు నేనే కొట్టుకోవాలా? రెండూ బతికే దారి లేదా? నిజంగా నా చెట్టే ఆ మల్లెని పాడుచేసిందా?"

—

అమ్మా, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అవును, మీ తీగ ఆవిడ మల్లెని దెబ్బతీసింది. అలాగే ఆవిడ మల్లెకి పోసిన నీళ్లూ ఎరువూ మీ తీగని దెబ్బతీశాయి. ఈ రెండో సంగతి మీరు అనుకోలేదు, ఆవిడా అనుకోలేదు. మీ ఉత్తరంలో చెట్ల గురించి రాసిన ప్రతి వివరమూ ఈ రెంటిలో ఒకదాని కిందికే వస్తుంది.

ముందు మీ తీగ. కాగితం పూల మొక్క దక్షిణ అమెరికాది. రంగు రంగులుగా కాగితంలా కనిపించేవి పూలు కావు, రూపం మారిన ఆకులు. వాటి మధ్యలో సన్నని గొట్టాల్లా ఉండే మూడు చిన్న తెల్లటివి అసలు పూలు. తిండీ నీళ్లూ పుష్కలంగా దొరికినంత కాలం ఈ మొక్క పెరుగుదల మీదే ఉంటుంది, పొడవాటి నీటి కొమ్మలు తోస్తుంది. నీళ్లు తగ్గి, వేళ్లు ఇరుకై, ఎండ మీద పడ్డప్పుడే పూతకి వస్తుంది. వ్యానులో కొన్న రోజు పూలతో నిండుగా ఉందంటే కారణం ఆ చిన్న కుండీయే: వేళ్లు చుట్టలు చుట్టుకుని, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆరిపోయే స్థితి. దాన్ని తెచ్చి నల్లరేగడిలో పెట్టారు. పక్కనే రోజుకి రెండు పూటలా పైపు పారుతోంది, నెలకోసారి పశువుల ఎరువు పడుతోంది, పైగా యూరియా. యూరియా నుంచి మొక్కకి అందే పోషకం నత్రజని ఒక్కటే, అది ఆకుని పెంచేది. 3 అడుగుల దూరం ఆ వేళ్లకి ఒక లెక్క కాదు. మల్లె కోసం వేసిన ప్రతి గుప్పెడులోనూ కొంత మీ తీగ తిని ఆకు వేసింది.

ఆ ఆకు నీడ మల్లె మీద పడింది. బొడ్డుమల్లె పూత కొత్త చిగుళ్ల చివర్న వస్తుంది. రోజుకి కనీసం ఐదారు గంటల నేరు ఎండ లేకపోతే ఆ చిగుళ్లు సన్నగా సాగుతాయి తప్ప మొగ్గ తొడగవు. తూర్పు ముఖం కాబట్టి మీ జాగాకి ఎండ తగిలేదే మధ్యాహ్నం 12, 12:30 దాకా. ఆ తర్వాత మీ ఇంటి నీడే పడుతుంది. ఉన్న ఆ ఆరు గంటల్లో నాలుగు మీ తీగ పైనే ఆపేస్తోంది. ఆవిడకి కనిపించింది వాడుతున్న మల్లె. దానికి మందుగా తోచింది ఇంకొన్ని నీళ్లు, ఇంకొంచెం ఎరువు. దాంతో మీ తీగ ఇంకా పెరిగింది, నీడ ఇంకా చిక్కబడింది. నాలుగేళ్లుగా నడుస్తున్నది ఇదే.

ఈ నాలుగేళ్లలో మల్లెకి జరగాల్సింది ఇంకొకటి జరగలేదనుకుంటాను: కత్తిరింపు. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బొడ్డుమల్లెకి ఏటా ఒక నిద్ర కావాలి. మార్గశిరం, పుష్యం నెలల్లో నీళ్లు ఆపి, ఆకు రాలాక కత్తిరిస్తేనే మాఘ ఫాల్గుణాల్లో బలమైన చిగుళ్లు వచ్చి వేసవికి విరగపూస్తుంది. చలికాలమంతా రోజూ నీళ్లు తాగుతున్న మల్లె నిద్రపోదు. పాత కొమ్మల మీదే నీరసంగా ఆకులు వేసుకుంటూ ఉంటుంది.

కాబట్టి కాగితం పూల మొక్కకి ఏడాది పొడుగునా కాస్త ఎద్దడి కావాలి, మల్లెకి చలికాలంలో ఎద్దడి, వేసవిలో నిండుగా నీళ్లు కావాలి. ఒకే పాదులో, ఒకే పైపు కింద ఈ రెండూ కుదరవు. ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, రెండింటినీ అక్కడే ఉంచి విడదీయడం. తీగని అడుగు నుంచి ఒకే మోడుగా మిగిల్చి, బాల్కనీ ఎత్తు వచ్చేదాకా పక్క కొమ్మలన్నీ తీసేయాలి. పైన మాత్రమే గుబురు ఉండాలి. గేటు వైపు ఒక్క కొమ్మ కూడా వాలకూడదు. రెండు మొక్కల మధ్య 2 అడుగుల లోతు గాడి తీసి, నాపరాయి పలకలు నిలువుగా దించాలి. మీ జిల్లాలో నాపరాయికి కొదవ లేదు. పలకల సందుల్లో సిమెంటు పూయండి, వేరు సందు దొరికితే దూరుతుంది. గాడి తీసేటప్పుడు తీగ వేళ్లు ఒక వైపు తెగుతాయి. భయం లేదు, ఆ ఎద్దడికి అది పూతకి వచ్చినా రావచ్చు. ఆ తర్వాత మల్లె వైపే పాది కట్టి నీళ్లు పెట్టాలి, తీగ వైపు చుక్క పోయకూడదు.

ఇందులో కష్టం ఏమిటంటే, ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. మోడు మీద ఐదారు వారాలకోసారి కొత్త నీటి కొమ్మలు పుడుతూనే ఉంటాయి. నిచ్చెనేసుకుని ముళ్లలో చేతులు పెట్టి తీస్తూ ఉండాలి. ఒక్క వానాకాలం ఏమారితే మళ్లీ మొదటికే. పలక అడుగు నుంచి కూడా కొన్ని వేళ్లు దాటతాయి. పైగా ముల్లు గేటు పక్కనే ఉంటుంది. అరిష్టం మాట అటుంచండి, రాత్రిపూట మనిషి కన్ను ఎత్తున ముల్లు ఉండకూడదనడానికి శాస్త్రం చూడక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

రెండోది, మీ తీగని డాబా మీదికి మార్చడం. చెట్టుని పెకలించి తీసుకెళ్లడం కాదు. నాలుగేళ్లు నేలలో ఉన్న కాగితం పూల మొక్కని తవ్వితే సన్నని వేళ్లన్నీ నేలలోనే తెగిపోతాయి, మట్టి గడ్డ నిలవదు, బతకడం కష్టం. దాని కొమ్మల్నే నాటి కొత్త మొక్కలు చేసుకోండి. పువ్వు అదే, రంగు అదే. మీ బాల్కనీ కన్నా డాబాకి ఎండ రెట్టింపు, రోజంతా తగులుతుంది. పిట్టగోడ పక్కన తొట్టిలో పెట్టి కొమ్మల్ని బయటికి వాల్చితే వీధిలోంచి చూసేవాళ్లకి మీ ఇల్లే ముందు కనిపిస్తుంది. అసలైన ఇరుకు తొట్టిలోనే దొరుకుతుంది కాబట్టి పూత ఖాయం. నష్టం: నిండుగా పూయడానికి ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. తొట్టిలో అది ఐదారు అడుగులకి మించదు, కింది నుంచి బాల్కనీని అల్లుకోవాలన్న మీ మొదటి కోరిక తీరదు. రోహిణీ కార్తెలో మీ ఊరి డాబా మీద తొట్టి మట్టి ఒక్క పూటలో ఎండుతుంది. ఎద్దడి మొక్కే అయినా ఆ రోజుల్లో మాత్రం రోజూ నీళ్లు పోయాల్సిందే. ఊరెళ్తే ఎవరికో అప్పజెప్పాలి.

మూడోది, మల్లెని మార్చడం. కుదరదని కాదు. డిసెంబరులో అడుగున్నరకి కత్తిరించి, చుట్టూ అడుగు వ్యాసార్ధంలో గడ్డతో సహా లేపితే మల్లె బతుకుతుంది. కానీ వచ్చే వేసవి పూలు పోయినట్టే, మీ ఇంట్లో ఇంకో మట్టి జాగా కూడా లేదు. ముందు వచ్చిన మొక్కని లేపి వెనక వచ్చినదాన్ని ఉంచడం అక్కయ్యగారికి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నేనైతే ఈ దారి జోలికి వెళ్లను.

నాలుగోది మీవారు చెప్పినది, రెండూ కొట్టేయడం. గొడవ పోతుంది, పూలూ పోతాయి. పాముల మాటకొస్తే, మల్లె వాసనకి పాములు రావు. మొదట్లో ఆకు చెత్త పేరుకుని గుబురుగా ఉంటే కప్పలు, ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాము రావచ్చు. అది ఏ పొదకైనా అంతే. నేల నుంచి అడుగు ఎత్తు దాకా కొమ్మలు లేకుండా, మొదలు శుభ్రంగా కనిపించేలా ఉంచితే ఆ భయం ఉండదు.

ఇన్నింటిలో నాకు రెండోదే సబబుగా తోస్తోంది. అయినా బాల్కనీ పందిరే ముఖ్యమనుకుంటే, నిచ్చెన పని చేసే ఓపిక ఉంటే మొదటిదే పట్టుకోండి. అక్కడ తీగే కావాలి గానీ ముళ్లు వద్దనుకుంటే ఇంకో మాట: రాధామనోహరం. కాగితం పూల తీగకున్నంత పదునైన ముళ్లుండవు, ముదురు కొమ్మల మీద రాలిన ఆకుల తొడిమ మొదళ్లు మాత్రం ముల్లులా మిగులుతాయి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు తిరుగుతుంది, వాసన కూడా ఉంటుంది. దానికి నీళ్లంటే ఇష్టం కాబట్టి ఆ పైపుతో గొడవ లేదు. కాకపోతే అదీ ముదిరితే నీడ పరిచేదే. 12 అడుగుల జాగాలో మల్లెకి ఒక కొసన ఉంటే, ఇది రెండో కొసన ఉండాలి.

రెండో దారి పట్టేట్టయితే పని వరస చెప్తాను. ఇది కార్తీకం, సరిగ్గా వేళకే రాశారు.

ముందుగా మీ తీగని కత్తిరించండి. ఈ పని మీరే ముందు చేయడానికి రెండు కారణాలు: మల్లెకి చిగుళ్లు వచ్చే వేళకి నెత్తిన ఎండ ఉండాలి, అది ఒకటి. రెండోది మీకు తెలుసు. మందపాటి తోలు తొడుగులు, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. పై నుంచి కిందికి ముక్కలుగా కోస్తూ రండి, కింద నరికి మొత్తం లాగితే గేటు మీదో మనిషి మీదో పడుతుంది. మొదలుని అప్పుడే తీయకండి, 2 అడుగుల మోడు ఉంచండి. కొమ్మలు బతక్కపోతే మళ్లీ విత్తనం అదే. ముల్లు లోతుగా దిగితే తీసి కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకుని చాలా ఏళ్లయితే ఆ సూది వేయించుకోండి.

కోసిన కొమ్మల్లోంచి నాటడానికి ఏరుకునేవి పచ్చగా, లేతగా ఉండకూడదు. పెన్సిలు నుంచి చిటికెన వేలు మందం, గోధుమ రంగుకి తిరిగినవి కావాలి. 8 అంగుళాలు, నాలుగు కణుపులు. అడుగున కణుపు కిందుగా ఏటవాలుగా, పైన అడ్డంగా కోయండి, తలకిందులుగా నాటే పొరపాటు ఉండదు. ఆకులన్నీ తుంచేయండి. సగం ఇసుక, సగం ఎర్రమట్టి కలిపిన నల్ల ప్లాస్టిక్ సంచుల్లో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, చుట్టూ అదమండి. వేరు పోయించే పొడి నర్సరీల్లో దొరుకుతుంది, అడుగు కోతకి అద్దితే మంచిది. చలికాలంలో వేరు నిదానం కాబట్టి 20 నాటండి, సగం వచ్చినా మేలే. డాబా మెట్ల కింద అర నీడలో పెట్టి మట్టి తడి ఆరకుండా, బురద కాకుండా చూడండి.

నూటికి తొంభై మంది మోసపోయేది ఇక్కడే. మూడు నాలుగు వారాల్లో చిగురు వస్తుంది. బతికిందని సంబరపడి తొట్టిలోకి మారుస్తారు, వారంలో వాడిపోతుంది. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చినది, వేరు ఇంకా పుట్టలేదు. రెండు నెలలు దాటాక, సంచి అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేరు కనిపించినప్పుడే కదపాలి. అప్పుడు కూడా సంచిని బ్లేడుతో చీల్చి, మట్టి గడ్డ విడిపోకుండా 8 అంగుళాల కుండీలోకి, అది నిండాక 14 అంగుళాల తొట్టిలోకి. ఒకేసారి పెద్ద తొట్టిలో పెడితే వేరు లేని చోట మట్టి తడిగా మగ్గి కుళ్లు పట్టుకుంటుంది. తొట్టిలో నల్లమట్టి వద్దు: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు. తొట్టి కింద రెండు ఇటుకలు పెట్టండి, లేకపోతే వేరు రంధ్రంలోంచి దిగి శ్లాబు పగుళ్లు వెతుక్కుంటుంది.

అది కుదురుకున్నాక నీళ్ల లెక్క గడియారం చూసి కాదు, ఆకు చూసి. ఆకు కొసలు కాస్త వాలినప్పుడు తొట్టి అడుగు నుంచి కారేదాకా పోసి, మళ్లీ వాలేదాకా ఆగండి. యూరియా ముట్టించొద్దు. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, చెంచాడు పొటాష్ చాలు. పూసిన విడత రంగు రాలాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి, తర్వాతి విడత ఆ కొత్త కొమ్మల మీదే వస్తుంది. వానాకాలంలో ఆకే వేస్తుంది, దానికి కంగారు పడొద్దు. వానలు వెనకబట్టాక సెప్టెంబరు చివర్లో గట్టిగా కత్తిరిస్తే, పగళ్లు కురచయ్యే శీతాకాలంలో రంగు తిరుగుతుంది.

ఇక మల్లె. నవంబరు చివరి వారం నుంచి నీళ్లు పూర్తిగా ఆపాలి. నల్లరేగడి తడి పట్టుకుంటుంది కాబట్టి మూడు వారాలు పట్టొచ్చు. ఆకు పండి రాలడం మొదలయ్యాక నేల నుంచి అడుగున్నర ఎత్తులో అన్ని కొమ్మలూ కత్తిరించండి. పెన్సిలు కంటే సన్నవి, ఎండినవి, ఒకదాని మీద ఒకటి పడ్డవి మొదలంటా తీసేయండి. మిగిలిన ఆకులు చేత్తో దూసేయండి. అక్కయ్యగారు దాన్ని తాడు కట్టి గోడ మీదికి పాకించారని రాశారు, ఆ తాడు కూడా తీసేయండి. బొడ్డుమల్లె పొద, సన్నజాజిలా పందిరెక్కే తీగ కాదు. లాగి పాకిస్తే కింద బోసిపోయి, కొసల్లోనే నాలుగు పూలు పూస్తుంది.

కత్తిరించిన రోజే మొదలు చుట్టూ అడుగు దూరంలో పైపైన తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, యూరియా 65 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 375 గ్రాములు, పొటాష్ 100 గ్రాములు కలిపి మట్టి కప్పి, ఒక నిండు తడి ఇవ్వండి. ఈ రసాయన ఎరువులే ఇంతే మోతాదులో జూన్, జూలైల్లో మరోసారి. ఏడాదికి అంతే. నెలనెలా పచ్చి ఎరువు, మధ్యలో గుప్పెడు యూరియా అక్కర్లేదు. చిగురు వచ్చేదాకా నీళ్లు పొదుపు. ఫిబ్రవరి, మార్చిలో చిగుళ్ల కొసన మొగ్గ పొడుచుకొస్తున్నప్పటి నుంచి నిండుగా పెట్టండి, మూడు నాలుగు రోజులకోసారి పాది నిండా. రెండు అంగుళాల లోతుకి వేలు పెడితే పొడిగా తగలాలి, అప్పుడు మళ్లీ. రోజుకి రెండు పూటలా మాత్రం వద్దే వద్దు.

ఆ పసుపు సంగతి వేరే. ఈనెలు పచ్చగా ఉండి లేతాకు పసుపు తిరిగితే అది ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువున్న నల్లనేలలో, అందులోనూ ఎప్పుడూ తడిసి ఉన్న చోట, మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. కొత్త చిగుళ్లు వచ్చాక కూడా ఆ పసుపు కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వెంటనే, సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం తేడాతో మూడు సార్లు. కలిపి నిలవ ఉంచితే పనికిరాదు. గోడకీ గేటు పలకలకీ తగలనివ్వకండి, తుప్పు మరకలు పడితే పోవు.

మొగ్గలు వంగపండు రంగు తిరిగి రాలడం మొగ్గ ఈగ పని. కంటికి ఆనని చిన్న ఈగ మొగ్గలో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపలే తింటుంది. మొగ్గకి బెజ్జం ఉండి గూడు అల్లుకుంటే అది మొగ్గ తొలిచే పురుగు. రెండింటికీ మొదటి మందు చీపురే. రాలిన మొగ్గలు పాదులో వదలకుండా రోజూ ఏరి దూరంగా పారేయాలి, ఆ పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగగా లేస్తుంది. మొగ్గ తొడిగే దశలో లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి పది రోజులకోసారి కొట్టండి. పూలు తలలో పెట్టుకునేవి కాబట్టి ఘాటు మందుల జోలికి వెళ్లొద్దు.

ఇదంతా తెలిసినా అసలు చిక్కు ఇంకొకటుంది. పచ్చగా ఉన్న మల్లెని నీళ్లు మాడ్చి, ఆకులు దూసి, అడుగున్నర మోళ్లుగా మిగిల్చితే తెలియనివాళ్లకి అది చెట్టుని చంపినట్టే కనిపిస్తుంది. ఆవిడ లేనప్పుడు మంచికే కదా అని మీరు కత్తిరించారో, ఈ జన్మకి మాటలుండవు. కత్తెర ఆవిడ చేతిలోనే ఉండాలి. కాబట్టి మీ తీగ కొట్టాక నాలుగు రోజులాగి, మల్లె కత్తిరింపు గురించి అడగండి. "మీ నీళ్ల వల్లే నా చెట్టు పూయలేదు" అన్న మాట నిజమే, కానీ దాని వల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు, తీగ ఎలాగూ పైకి వెళ్తోంది కదా. "అక్కయ్యా, నా చెట్టు నీడ మీ మల్లె మీద పడిందిట, తీసేశాను. ఈ నెలలో కత్తిరిస్తే వేసవికి మునుపటిలా పూస్తుందిట, ఎప్పుడు చేద్దాం?" అంటే చాలు. ఆవిడ నమ్మకపోతే ఈ ఏడాది సగం కొమ్మలే కత్తిరించమనండి. వేసవిలో ఏ సగం పూసిందో ఆవిడే చూస్తారు.

నీళ్ల అలవాటు మాన్పించడం అంత తేలిక కాదు. పొద్దున్నే కళ్లాపి చల్లి, ముగ్గేసి, అదే చేత్తో పైపు పట్టే మనిషిని నాలుగు రోజులకోసారి పట్టమంటే చెయ్యి ఊరుకోదు. ఆ నీళ్లకి ఇంకో చోటు చూపించండి. మెట్ల పక్కన అర నీడలో నాలుగు కనకాంబరం కుండీలు పెట్టండి. రోజూ కాస్త తడి ఉంటే సంతోషించే మొక్క అది, అడుగున రంధ్రాలు మూసుకోకుండా చూస్తే చాలు. వేసవికి మల్లెలతో కలిపి మాల కట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ కుండీలు మీరు కొని తెచ్చి కింద పెడితే వేరే రాయబారం అక్కర్లేదు.

ముహూర్తం ఆవిడకే వదిలేయండి. మార్గశిర లక్ష్మివారాలు పూజలున్నాయనో, శుక్రవారం చెట్టు మీద కత్తి పెట్టకూడదనో అంటే శనివారం దాకా ఆగండి. మల్లెకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా తేడా రాదు.